చామంతుల మీదుగా గోడ

ఇళ్లు కట్టేవాడి సొంత ఇల్లు మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ వీధి చివరిదాకా రండి. పూత లేని ఇటుకలు పళ్లు ఇకిలిస్తూ, కిటికీకి రేకుముక్క అడ్డం పెట్టుకుని ఒక ఇల్లు కనిపిస్తుంది. అదే మేస్త్రీ ఇల్లు. ఊళ్లో వాళ్ల గోడలన్నీ అద్దంలా నునుపుగా పూసివచ్చే ఆ మహానుభావుడికి సొంత గోడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యాడదు. "వచ్చే ఆదివారం చూద్దాం" అంటాడు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య ఆ ఆదివారం కోసం నిజంగానే ఎదురుచూసింది, పాపం. తర్వాత తెలివొచ్చి మానేసింది.

ఆవిడ ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దిండు గలీబులు, తెల్ల కోట్లు. పొద్దుట వెళ్లి ఆవిరి మధ్య నిలబడితే మళ్లీ మధ్యాహ్నం దాటాకే కాళ్లకు విశ్రాంతి. వీధిలో అందరూ ఇస్త్రీ అక్క అంటారు. "మేస్త్రీకి ఇస్త్రీ, భలే కుదిరింది జోడీ!" అని పక్కింటి దర్జీ మొదటిసారి అన్నప్పుడు అందరూ పడీపడీ నవ్వారు. ఆయన ఇప్పటికీ అంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆయనొక్కడే నవ్వుకుంటాడు.

ఇద్దరే మనుషులు, ఒకటే గది, దాని వెనక వంటిల్లు. వంటింటి వెనక తలుపు తీస్తే మాత్రం మీరు తప్పకుండా ఒక్క క్షణం ఆగిపోతారు. ఒకప్పుడు అక్కడ మేస్త్రీగారి సామ్రాజ్యం ఉండేది: విరిగిన ఇటుకలు, మిగిలిన ఇసుక, గట్టిపడిపోయిన సిమెంటు సంచులు. ఇస్త్రీ అక్క వాటిని ఒక్కొక్కటే మూలకు నెట్టి, నేల తవ్వి, లాండ్రీ నుంచి వచ్చే దారిలో ఎక్కడ పేడ కనబడితే అక్కడ సంచి నింపుకుని, ఆ రాళ్లనేలను నల్లటి మెత్తని మట్టి చేసింది. విరిగిన ఇటుకలతోనే మడులకు గట్లు కట్టింది. అవి ఏటవాలుగా ఉన్నాయని మేస్త్రీ గొణిగాడు. ఉంటే ఉన్నాయని ఆవిడ టమాటా నాటింది.

ఇప్పుడు ఆకులు రాలే కాలం. తోటకు ఇదే మంచి కాలమని ఇస్త్రీ అక్క అభిప్రాయం, నేనూ అదే అంటాను. ఎండాకాలంలో తోట ఒకటే గోల చేస్తుంది: నీళ్లు పొయ్యి, పురుగు ఏరు, తీగ కట్టు. ఈ కాలంలో దానికి ఇక ఏ తొందరా ఉండదు. టమాటాలు కొన్ని ఎర్రబడ్డాయి, కొన్ని ఇక ఎర్రబడవు. మిరప చెట్టు తనకున్నదంతా కొమ్మలకే వేలాడదీసింది. చిక్కుడు పందిరి మీద ఎండుకాయలు గాలికి గలగలమంటాయి. గుమ్మడి తీగ ఎండిపోయి, కాయలు మాత్రం నేలమీద బోర్లించిన బిందెల్లా మిగిలాయి. మూలన దానిమ్మ చెట్టు. దాని కాయల్లో ఒకటి రెండు పగిలి గింజలు కనిపిస్తున్నాయి. అన్నిటికన్నా ఆలస్యంగా, అందరూ వెళ్లిపోయేవేళ తీరిగ్గా వచ్చే చుట్టంలా, చామంతి ఇప్పుడే మొగ్గ తొడుగుతోంది.

ఈ తోటకు ఇదే ఆఖరి ఏడాది అని ఇస్త్రీ అక్కకు తెలుసు. తెలుసనే అనుకుంటోంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మేస్త్రీ అక్కగారి గురించి చెప్పాలి.

ఆవిడ నర్సు. పెళ్లి మాట తలపెట్టకుండా తమ్ముణ్ణి పెంచి పెద్దచేసి, ఊళ్లు మారుతూ ఆసుపత్రి క్వార్టర్లలోనే బతుకంతా గడిపేసింది. చెయ్యి చల్లన, నోరు మాత్రం స్పిరిట్ వేసిన దూదిలా చురుక్కుమంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఈ వదినగారు ఇంటికొస్తే ఇస్త్రీ అక్కకు గుండెల్లో రాయి పడేది. గోళ్లు చూసేది, గిన్నెల అడుగులు చూసేది, "ఈ దుప్పటి ఎప్పుడు ఉతికావమ్మాయ్?" అనేది. అంతటి మనిషీ ఇస్త్రీ అక్కకు టైఫాయిడ్ వచ్చినప్పుడు సెలవు పెట్టి వచ్చి, మంచం పక్కన కూర్చుని, తిడుతూ తిడుతూనే ఒళ్లు తుడిచింది, బట్టలు మార్చింది, గంజి తాగించింది. "నా తమ్ముడికి వంటరాదు, నువ్వు పోతే వాడు పస్తులుంటాడు, అందుకే నిన్ను బతికిస్తున్నా" అంది. ఆ తిట్లు వింటూనే ఇస్త్రీ అక్క కోలుకుంది. ఆ సంగతి మర్చిపోలేదు.

ఇప్పుడు వదినగారి ఉద్యోగం అయిపోవచ్చింది. చలి మొదలయ్యేసరికి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మోకాళ్లు చేతికర్ర లేనిదే కదలనంటున్నాయి. ఎండలు ఇంకా తగ్గని రోజుల్లో ఒక సాయంత్రం మేస్త్రీ భోజనానికి కూర్చుని, కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు.

"అక్కకి వెనకాల ఒక గది వేస్తే ఎలా ఉంటుందంటావ్?"

వెనకాల అంటే తోటే. ఇంకెక్కడా జానెడు జాగా లేదు. ఇస్త్రీ అక్క చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత కూర వడ్డించింది.

"మీ ఇష్టం" అంది.

ఈ ఇంట్లో ఆ మాటకున్న అర్థం నిఘంటువులో దొరకదు. చాలా ఇళ్లలో దొరకదనుకోండి. మేస్త్రీ పాత మోటారుసైకిలు ఒకటి కొంటానన్నప్పుడు ఆవిడ "మీ ఇష్టం" అంది. కొన్నాడు. ఆ బండి ఉన్నన్నాళ్లూ ఆవిడ దాని పక్కనుంచే లాండ్రీకి నడిచి వెళ్లింది తప్ప ఒక్కసారి కూడా ఎక్కలేదు. వానొచ్చినా ఎక్కలేదు. చివరికి ఆయనే సిగ్గుపడి అమ్మేశాడు. పెద్ద మీసాలు పెంచుతానంటే "మీ ఇష్టం." ఆ మీసాలు ఎన్నాళ్లున్నాయో అన్నాళ్లూ ఆవిడ ఆయనతో మాట్లాడుతూ గోడ కేసి చూసింది. వద్దు అన్న మాట ఆవిడ నోటివెంట ఏనాడూ రాలేదు. రావాల్సిన అవసరమూ పడలేదు.

కానీ ఆ సాయంత్రం అన్న మాట ఆ జాతిది కాదు. నిజంగానే, మనస్ఫూర్తిగానే అంది. మరి నవ్వుతూ "వేయండి" అనొచ్చు కదా అంటారు. అనొచ్చు. ఆవిడకు అలవాటు లేదు. ఇన్నేళ్లుగా కాదనడానికి ఏ దారి వాడిందో, అవుననేది కూడా పాపం ఆ దారిలోనే బయటికి వచ్చింది.

మేస్త్రీ "ఊఁ" అని చెయ్యి కడుక్కున్నాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఎత్తకపోవడాన్ని ఇస్త్రీ అక్క తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. గది ఎలాగూ చలికి ముందే వెయ్యాలి. ఎముకలు కొరికే చలిలో సిమెంటు తొందరగా పట్టదని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. అయినా ఆయన పలుగు పట్టడంలేదంటే తన కోసమే ఆగుతున్నాడన్నమాట. ఈ ఒక్క కాపు పూర్తికానీ, ఈ ఆఖరి పూలు కూడా చూడనీ అని. నోట్లోంచి ఒక తీపి మాట రాని మనిషిలో ఇంత ప్రేమ ఉందా అని ఆవిడ లోలోపల మురిసిపోయింది. ఎప్పుడు మొదలుపెడతారని అడగలేదు. అడిగితే రేపే మొదలుపెడతాడేమోనని భయం.

అందుకని ఆ ఏడు ఆవిడ ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేసింది: తోటలో కూర్చుంది. ఇన్నేళ్లూ ఆవిడ తోటలోకి వెళ్లడమంటే నడుం వంచడమే. కలుపు తియ్యడం, మొదళ్ల చుట్టూ గొప్పు తవ్వడం, నీళ్లు మోయడం. ఇప్పుడు లాండ్రీ నుంచి రాగానే టీ గ్లాసు పట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి మడుల మధ్య వేసుకుని కూర్చునేది. పొద్దుటినుంచీ ఆవిరికి ఉడికిన మొహానికి ఆ చల్లగాలి తగిలితే ప్రాణం లేచొచ్చేది. వాలుపొద్దు ఎండ చిక్కుడు పందిరి దాటి, మిరప మీదికి వచ్చి, ఆవిడ ఒళ్లో కాసేపు ఉండి పోయేది. టమాటా ఆకు ఒకటి తుంచి వేళ్ల మధ్య నలిపి వాసన చూసుకునేది. చలికి మందగించిన తేనెటీగ ఒకటి బంతిపువ్వులో దిగబడి బయటికి రావడానికి నానా అవస్థా పడుతుంటే చూస్తూ కూర్చునేది. అంత సుఖం తనకు రాసిపెట్టి ఉందని ఆవిడకు అంతకుముందు తెలియదు. పోతుందని తెలిసిన తోట కాబట్టే తనను కూర్చోనిచ్చింది.

ఆదివారాలు మేస్త్రీ కూడా వచ్చి పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చునేవాడు. దిగులుగా ఉండేవాడు.

"బాగుంది కదూ" అనేవాడు.

"ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది" అనేది ఆవిడ.

తోట పోతుందనే ఆయనకు దిగులని ఆవిడ అనుకుంది. తన పంతం నెగ్గి ఎంత హాయిగా కూర్చుందో అని ఆయన అనుకున్నాడు. ఇద్దరూ ఒకే టీ తాగుతూ, ఒకే చెట్టు చూస్తూ, చెరో కథలో ఉన్నారు.

పుదీనా వేళ్లతో సహా తవ్వి లాండ్రీలో తోటి ఆవిడకు ఇచ్చింది. బంతి, చిక్కుడు గింజలు పాత గలీబు గుడ్డలో మూటకట్టింది. మొక్కలు పంచడం ఏటా ఉండేదే కనుక మేస్త్రీకి అనుమానం రాలేదు. మూలనున్న ఇటుకల గుట్ట చూసుకుని, సరుకు సిద్ధంగానే ఉంది కదా అని ఆవిడా నిశ్చింతగా ఉంది. వదినగారు ఫోన్ చేస్తే మాత్రం గది ఊసు ఎత్తలేదు. తోట వదులుకుంటున్నానని తనే చెప్పుకున్నట్టు ఉంటుందని మొహమాటం. "బాగున్నారా వదినా" అని ఫోను భర్తకు ఇచ్చేసేది.

చామంతి మొగ్గలు రంగు తెలిసేంత విచ్చుకున్నాక, పొద్దుటిపూట నోటివెంట ఆవిరి వస్తున్న రోజుల్లో, వదినగారు వస్తున్నానని కబురు చేసింది. ఒక్క పూటకే. "చలి ముదిరితే నా మోకాళ్లు బస్సెక్కవు, ఒకసారి చూసిపోతా" అందట. మేస్త్రీ ఆ రోజు పని తప్పదని, సాయంత్రం తొందరగా వస్తానని పొద్దున్నే జారుకున్నాడు. సొంత అక్క వస్తుంటే ఈ మనిషికి పని గుర్తొచ్చిందేమిటా అని ఇస్త్రీ అక్క విసుక్కుని, మధ్యాహ్నం సెలవు పెట్టింది.

వదినగారిని బస్సు దగ్గర దింపుకుని, నెమ్మదిగా నడిపించుకుని వచ్చి, నేరుగా తోటలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. పాత భయం పూర్తిగా పోలేదు. గోళ్లలో మట్టి ఉందేమోనని చేతులు వెనక్కి పెట్టుకుంది. వదినగారు చేతికర్ర మీద గడ్డం ఆనించి, వార్డు రౌండుకు వచ్చినట్టు మడి మడీ చూసింది.

"బాగుందమ్మాయ్ నీ వార్డు. పేషెంట్లందరూ నిగనిగలాడుతున్నారు. ఆ మూల గుమ్మడితీగ ముసలాయనే ఇక లాభం లేదు."

ఇస్త్రీ అక్క నవ్వేసింది. వదినగారి ముందు అలా నవ్వడం బహుశా అదే మొదలు. దానిమ్మకాయ ఒకటి కోసి, ఒలిచి గింజలు గిన్నెలో పెట్టి ఇచ్చింది. ఇద్దరూ ఎండలో కూర్చుని తిన్నారు. గింజలు పుల్లగా ఉన్నాయని వదినగారు వంక పెట్టింది, పెట్టి మొత్తం తినేసింది.

"ఈ చామంతులు ఎప్పుడు పూస్తాయి?"

"ఇంకో వారం పది రోజులు పడుతుంది వదినా. అన్నాళ్లు ఉంచుతారో లేదో మరి. ఇవన్నీ పీకెయ్యాల్సినవే కదా."

"ఎందుకు పీకడం? నీకేమైనా మతిపోయిందా?"

"మీ మంచం ఇక్కడికే కదా వచ్చేది" అని ఇస్త్రీ అక్క చేత్తో చూపించింది. "తలగడ అటు పెట్టుకుందాం. కిటికీ మాత్రం ఇటు పెట్టమని చెబుతాను. పొద్దుటి ఎండ సరిగ్గా మీ మోకాళ్ల మీద పడుతుంది."

వదినగారు గిన్నె కింద పెట్టింది.

"ఏ మంచం?"

"అదే, గది వేస్తున్నాం కదా."

"నాకు గది ఎక్కడిదమ్మా? తమ్ముడు ఎండాకాలంలోనే ఫోన్ చేసి చెప్పాడుగా. 'దానికి ఇష్టం లేదక్కా, ఏమీ అనుకోకు' అన్నాడు. నేనేమీ అనుకోలేదు." సూది గుచ్చేముందు, నొప్పి ఉండదని చెప్పే గొంతుతో అంది ఆ మాట. "మా ఆసుపత్రి వెనకే ఒంటరి ఆడవాళ్లకి ఒక హోమ్ ఉంది. అందులో పేరు రాయించాను. హాల్లో మంచాలు వరసగా వేసి ఉంటాయి. నాకేం కొత్త? ఇన్నేళ్లూ ఆ వరసల మధ్య నిలబడ్డాను. ఇప్పుడు ఒకదాని మీద పడుకుంటాను, అంతే తేడా."

ఇస్త్రీ అక్క చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను వద్దనలేదు వదినా."

"మరేమన్నావ్?"

"మీ ఇష్టం అన్నాను."

వదినగారు ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వి, ఆ తుడవడంలోనే నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

"ఇవాళ ఎందుకు వచ్చానో చెప్పనా? నాకన్నా ముద్దొచ్చిన ఆ తోట ఏమిటో ఒకసారి కళ్లారా చూసి పోదామని. బస్సులో కూర్చున్నంతసేపూ నీ మీద కోపమే. ఇక్కడ కూర్చున్నాక అదీ పోయింది. ఇది నాదైతే నేను మాత్రం ఇస్తానా? ఎవరికీ ఇవ్వను. నీ తప్పేం లేదు."

తిట్టినా బాగుండేది. ఆ ఎండలన్నీ, ఆ సాయంత్రాలన్నీ తను టీ తాగుతూ మురిసిపోతూ కూర్చున్నంతకాలం, మరో ఊళ్లో ఒక మనిషి మోకాళ్లు పట్టుకుని "నన్ను వద్దంది" అనుకుంటూ గడిపింది. ఇస్త్రీ అక్కకు తోట వంక చూడబుద్ధి కాలేదు.

అప్పుడే వెనక తలుపు తోసుకుని మేస్త్రీ వచ్చాడు. చేతులకు ఇంకా సిమెంటు అంటుకునే ఉంది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాకు ఇష్టం లేదని చెప్పారా?" అంది ఇస్త్రీ అక్క.

ఆయన చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "నువ్వే కదే మీ ఇష్టం అన్నావ్."

"అంటే?"

"అంటే ఏమిటి? ఇన్నేళ్లలో నువ్వు మీ ఇష్టం అన్నాక ఏ పనైనా చేసి బతికి బట్టకట్టానా? మోటారుసైకిలు మర్చిపోయావా?"

"ఈసారి నిజంగా అన్నాను."

"నిజంగా అన్నదీ ఊరికే అన్నదీ ఒక్కలాగే ఉంటే నాకెలా తెలుస్తుందే?"

అదీ నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అయినా ఇస్త్రీ అక్క ఊరుకోలేక, "ఇంకోసారి అడగొచ్చు కదండీ" అంది.

"అడిగితే నిజంగానే వద్దనేస్తావేమోనని భయమేసింది" అన్నాడాయన, కాలి బొటనవేలి కేసి చూస్తూ. "అప్పుడు నిన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. అక్కకి చెప్పెయ్యడమే సులువనిపించింది."

"సులువే" అంది వదినగారు. "ఆవిణ్ణి చెడ్డదాన్ని చేస్తే నువ్వు మంచివాడివైపోతావు. చిన్నప్పుడు కూడా పిండి ఒలకబోసి పిల్లి మీదికి తోసేవాడివి. సరే, అయిందేదో అయింది. హోమ్‌లో నా పేరు రాశారు, మంచం కూడా చూపించారు. ఈ తోట జోలికి పోకండి. నేను అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతా."

"లేదు వదినా, మీరు ఇక్కడే ఉండాలి."

"నువ్వు మంచిదానివమ్మా. నా ఎదురుగా ఉండి ఇంకేమంటావులే."

"ఒట్టు వదినా, నిజంగా."

"అలాగే అలాగే" అని వదినగారు ఆవిడ చెయ్యి తట్టింది. మందు వెయ్యమని ఏడ్చే పేషెంటు చెయ్యి తట్టినట్టే తట్టింది. ఈ "నిజంగా"ను ఏ అరలో పెట్టాలో మేస్త్రీకి ఇంకా తెలియడంలేదు. ఇస్త్రీ అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా వద్దు అని వద్దనలేదు, కావాలి అని కావాలనలేదు. ఇవాళ కావాలని గొంతు చించుకున్నా నమ్మే మనిషి లేడు.

లేచి మూలకు వెళ్లింది. ఇటుకల గుట్ట పక్కన, రేకు కింద, మేస్త్రీ సున్నప్పొడి సంచి ఉంటుంది. ఇల్లు మొదలుపెట్టేముందు పునాది ఎక్కడెక్కడ రావాలో నేలమీద ఆ పొడితో తెల్లగా గీత గీస్తారు. ముగ్గు పొయ్యడమంటారు మేస్త్రీలు. ముగ్గు పడ్డాక ఇక మాటలుండవు, పలుగులే. ఆవిడ ఆ సంచి లాగి, ఒక డొక్కు డబ్బా నిండా సున్నం తీసుకుని, వంటింటి గోడ మూల దగ్గర వంగి మొదలుపెట్టింది.

మొదటి గీత పుదీనా తవ్వేసిన గుంట మీదుగా పోయింది. అక్కడ ఏమీ లేదు కనుక చెయ్యి ఆగలేదు. తర్వాత మిరప వచ్చింది. ఎర్రటి కాయల మీద తెల్లటి పొడి రాలింది. టమాటా కర్రల మధ్య నుంచి దూరి పోయింది. చిక్కుడు పందిరి దగ్గర మలుపు తిరిగింది. తర్వాత చామంతి మడి. ఆవిడ దాని ముందు నిలబడిపోయింది. గీత రెండడుగులు ఇవతలికి జరిపితే చామంతి బయటే ఉంటుంది. గది కాస్త చిన్నదవుతుంది, అంతేగా. కర్ర పట్టుకుని తిరిగే మనిషికి మంచం పక్కన ఆ రెండడుగులు కావాలని వెంటనే తట్టింది. ఆవిడకు ఏడుపు వచ్చింది. చామంతులు పోతున్నాయనే వచ్చింది, దానికి వేరే గొప్ప పేరు పెట్టనక్కర్లేదు. ముక్కు ఎగబీల్చుకుని, డబ్బా వంచి, మొగ్గల మీదుగానే సున్నం పోసుకుంటూ వెళ్లింది.

"వంకర!" అన్నాడు మేస్త్రీ.

ఆపుకోలేకపోయాడు. జీవితంలో వంకర గీత చూసి ఊరుకున్న మనిషి కాడు. ఆ గీత కూడా అలాంటిలాంటి వంకర కాదు, పాము పాకినట్టుంది.

"వంకరైతే వచ్చి సరిచెయ్యండి" అంది ఇస్త్రీ అక్క, తల ఎత్తకుండానే. "నాకు ఈ గది కావాలి. చలి పడేలోగా కావాలి. రేపు పొద్దున్నే పలుగు పట్టండి."

అంత సూటిగా ఆవిడ ఏదైనా అడగడం మేస్త్రీ పుట్టి బుద్ధెరిగి వినలేదు. గబగబా లోపలికి వెళ్లి దారం ఉండ, మేకులు పట్టుకొచ్చాడు. వంటింటి మూలన ఒక మేకు దిగ్గొట్టి, దారం లాగి, రెండో కొస భార్య చేతికి ఇచ్చాడు. ఇన్నేళ్లూ ఎందరి ఇళ్లకో ముగ్గు పోసిన మనిషికి ఆ సాయంత్రం మేకు మీద సుత్తి సరిగా పడలేదు. రెండుసార్లు వేలిమీదే కొట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకో. వదలకు."

"పట్టుకునే ఉన్నాను. మీరు పొయ్యండి."

దారం వెంట ఆయన తెల్లగా, తిన్నగా పోస్తూ వచ్చాడు. ఒక పక్క అయింది. రెండో పక్క అయింది. దానిమ్మ చెట్టు మొదలు గీత లోపలికే వచ్చింది. ఆయన చెట్టుకేసి, భార్యకేసి చూశాడు. ఆవిడ తల ఊపింది. మిగిలే జాగా వంటింటి నీడలో గజం వెడల్పు ఉంటుంది. అందులో ఏం పెరుగుతుందో ఏమో.

వదినగారు వద్దనబోయి రెండుసార్లు కర్ర ఎత్తింది, ఎత్తి దించేసింది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. పొద్దు చిక్కుడు పందిరి దాటిపోయింది, చలి మొదలైంది. మూడో గీత లాగడానికి ఇస్త్రీ అక్క దారం పట్టుకుని వెనక్కి నడుస్తూ వచ్చి కుర్చీకి తగిలి ఆగింది. గీత సరిగ్గా ఆ కుర్చీ కిందనుంచే పోవాలి. ఒక పక్క గది, ఇంకో పక్క వీధిలోకి పోయే సందు.

వదినగారు కర్ర ఆనించుకుని లేవబోయింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. మరదలి భుజం పట్టుకుని నిలబడి, నేలమీద తెల్ల గీతను చూసింది. అంతటి నోరున్న మనిషి చిన్నపిల్లలా అడిగింది.

"ఎటు జరగమంటావమ్మా?"

"లోపలికి వదినా" అంది ఇస్త్రీ అక్క. "లోపలికి జరగండి."